గొలుసులో తాతమ్మ మాట

పొందూరులో దుర్గాభవాని ఇల్లెక్కడని అడిగితే ఎవరైనా కాస్త ఆలోచిస్తారు. ఎస్‌టీడీ భవాని అంటే మాత్రం పాలు పోసే మనిషి దగ్గర్నుంచి పోస్టుమాస్టరు దాకా వేలు పెట్టి చూపిస్తారు. ఆ ఎస్‌టీడీ గది మూతపడి చాలా కాలమైంది. గోడమీది పసుపు అక్షరాలు వానలకి కారిపోయాయి. పేరు మాత్రం ఆవిడకి అంటుకుని ఉండిపోయింది.

ఇంటర్మీడియట్ తప్పిన ఏడాది తండ్రి ఆమెను ఆ గదిలో కూర్చోబెట్టాడు. ఒక కుర్చీ, ఒక టెలిఫోను, అద్దాల గూడు, లోపల ఎర్రటి అంకెలు పరిగెత్తే మీటరు. గూటి తలుపు చెక్క ఉబ్బిపోయి సరిగ్గా పడేది కాదు. అందుచేత సూరత్‌లో ఉన్న కొడుక్కి తల్లి పెట్టే శాపనార్థాలూ, కొత్తగా కాపురానికి వెళ్ళిన పిల్ల ఏడుపు మింగుకుంటూ అంతా బాగుందని చెప్పే అబద్ధాలూ అన్నీ భవాని చెవిన పడేవి. ఆ కొలువు ఆమెకి రెండు సంగతులు నేర్పింది. మాట్లాడేవాళ్ళు తొందరగా మాట ముగించేలా చేయడం ఒకటి. అద్దం మీద వేలితో కొట్టి, "బేగి అమ్మా, బేగి. అంకెలు సూస్తన్నావా?" అనేది. రెండోది విన్నది మర్చిపోవడం. సాయంత్రం గదికి తాళం వేసేటప్పటికి ఆ రోజు మాటలన్నీ లోపలే వదిలేసి వచ్చేది. మొదట్లో అది ప్రయత్నం మీద చేసిన పని. తర్వాత అలవాటయింది. ఆ తర్వాత స్వభావమే అయిపోయింది. ఊరు ఆమెను నమ్మిందంటే అందుకే. భవాని చెవిలో పడినది నూతిలో పడినట్టే అనుకునేవారు.

ఆ స్వభావం ఇంట్లోకి కూడా వచ్చింది. తల్లి పోయినప్పుడు పెద్దకర్మ కాకుండానే ఆవిడ రాట్నం తీసుకెళ్ళి పక్క వీధి దాలమ్మకి ఇచ్చేసింది. చీరలు పంచేసింది. మంచం మడిచి అటకెక్కించింది. చూసినవాళ్ళు ముక్కున వేలేసుకున్నారు. రాజాం జనపనార మిల్లులో షిఫ్టులు చేసే భర్త జగన్నాధం ఒక్కడే నవ్వాడు. "దీనికి మతిమరుపు లేదు. మరిసిపోడానికి కావాల్సినంత మతి ఉన్నాది" అన్నాడు.

ప్రతి చేతిలోకీ ఫోను వచ్చేసరికి అద్దాల గూడు ఖాళీ అయింది. కొన్నాళ్ళు జెరాక్సు మిషను పెట్టింది. తర్వాత నూలు వడికే ఆడవాళ్ళ సంఘంలో కంప్యూటరు చూసే మనిషి కావలసి వస్తే వెళ్ళి కూర్చుంది. గొలుసు మొదలయింది అక్కడే.

గొలుసు అన్నది ఆడవాళ్ళు పెట్టిన పేరు. తెచ్చినవాడు గోవింద్. సంఘం ఉన్న వీధిలోని నేతగాడి కొడుకు. రాజాంలో ఇంజినీరింగు చదివి బెంగుళూరులో ఉద్యోగం చేస్తున్నాడు. మిల్లు బట్టని పొందూరు ఖద్దరని అమ్మేవాళ్ళు ఎక్కువైపోయారని, ఏ తాను ఎవరి చేతిలో పుట్టిందో కొన్నవాడు తెలుసుకునే వీలుండాలని అతని తపన. సెలవు పెట్టి వచ్చి సంఘం అరుగు మీద అందరినీ కూర్చోబెట్టి చెప్పాడు.

"దీనికి పెద్ద కంప్యూటరంటూ ఏదీ ఉండదమ్మా. ఆరు సోట్ల ఆరుంటాయి. ఏ ఒక్కదాన్లో కొత్త సంగతి రాసినా మిగతా వాటికి ఎళ్తాది. ఒక్కొక్క సంగతీ ముందుదానికి ముడేసి ఉంటాది. మధ్యలో ఎవడేనా ఒక ముడి మారిస్తే మిగతా అయిదూ ఒప్పుకోవు."

"అంటే కొంగుముడి లాంటిదన్నమాట" అంది తాతమ్మ.

తాతమ్మ ఆ అరుగుకి పెద్ద. నూరో నంబరు నూలు, వెలుతురుకి పట్టి చూస్తే తప్ప కనపడనంత సన్నంగా తీసేది. ఆవిడ వేసిన మొదటి ప్రశ్నకే గోవింద్ ఇరుక్కుపోయాడు.

"బట్ట పుట్టుక ఎక్కడ్నించి రాస్తావురా?"

"నూలు కాడ్నించి పెద్దమ్మా."

"మరి దవడిచ్చినోడో?"

పొందూరులో కొండపత్తిని వాలుగ చేప దవడతో దువ్వుతారు. ఆ దవడకి ఉండే సన్నని పళ్ళ వరసకి పత్తిలోని నలుసంతా చిక్కుకుని, పోగు తలదువ్వినట్టు సాఫుగా వస్తుంది. ఆ దవడలు తెచ్చి ఇచ్చేది వంశధార సముద్రంలో కలిసేచోట ఉండే గంగులు. ఏటి పాయల్లోనూ సముద్రం మీదా వేట అతనిది. దవడ లేకుండా దువ్వకం లేదు, దువ్వకం లేకుండా ఏకు లేదు, ఏకు లేకుండా నూలు లేదు. కాబట్టి గొలుసు గంగులు నుంచే మొదలవ్వాలని తాతమ్మ పట్టుపట్టింది. అలా పొందూరులో ఒకటి, చుట్టుపక్కల నూలు వడికే ఊళ్ళలో మూడు, బట్టలమ్మే అనిత దుకాణంలో రాజాంలో ఒకటి, గంగులు ఇంట్లో ఒకటి, మొత్తం ఆరు కంప్యూటర్లు కుదిరాయి.

రెండో పేచీ ఇంకా పెద్దది. చిలప, అంటే వడికిన నూలు చుట్ట, తెచ్చిన మనిషి ఆ నూలు పుట్టుక నోటితో చెబితే రికార్డు చేస్తారు. గోవింద్ ఆ గొంతుని బయట ఎక్కడో దాచి, దాని ముద్ర మాత్రం గొలుసులో పెడతానన్నాడు. ముద్ర అంటే ఆ మాటలోంచి లెక్కగట్టిన చిన్న గుర్తు. మాటలో ఒక్క అక్షరం మారినా ముద్ర మారిపోతుంది.

"మాట బయటుంచి ముద్ర లోపలెడతావా? పెళ్ళికూతుర్ని ఈదిలో ఒగ్గేసి సెప్పులు లోపలెట్టినట్టు" అంది తాతమ్మ. అరుగంతా నవ్వింది. గోవింద్ ఒప్పుకున్నాడు. గొంతులు గొలుసులోకే వెళ్ళాయి.

అదే చేసిన పొరపాటు. మరో ఊరివాళ్ళయితే పేరూ తేదీ చెప్పి ఊరుకునేవారేమో. ఇక్కడ రికార్డింగుకి ఎర్ర దీపం వెలగగానే ముందు భవాని భర్త ఆరోగ్యం అడుగుతారు. తర్వాత కోడలి వంట. తర్వాత పక్కింటి కోడి తమ పెరట్లో పెట్టిన గుడ్డు ఎవరిదన్న న్యాయం. నూలు సంగతి చిట్టచివర ఒక్క ముక్క. భవాని తెర మీది గీత పెరగడం చూస్తూ, "బేగి పిన్నీ, బేగి, జాగా తినేస్తంది" అని అంటూనే ఉండేది. చెప్పింది ఎవరు వింటారు? పైగా ప్రతి మాటా ఆరు చోట్లా దాచాలి కదా. ఏడాది తిరిగేసరికి డిస్కులు పీకల దాకా వచ్చాయి.

ఎండాకాలంలో ఒకరోజు పొందూరు కంప్యూటరు కొత్త మాట తీసుకోనని మొరాయించింది. భవాని బెంగుళూరుకి ఫోను చేసింది.

"కత్తిరించొచ్చక్కా" అన్నాడు గోవింద్. "పాత మాటలు ఒకసారి సరిసూసేసినాక ముద్రలుంచి మాటలు తీసేయొచ్చు. గొలుసు తెగదు. కొత్తవాటికి జాగా వస్తాది. నానిక్కడ్నించే సెట్టింగు పెడతాను, నెట్టు తగల్గానే ఎవరి మిషనుకి వాళ్ళది దిగిపోతాది. కాపోతే ఒక్క సోట మాత్రం అంతా ఉండాల. ఆ ఒక్కరూ వద్దని నొక్కితే సాలు, మరి దిగదు."

భవాని అదే మాట వాట్సాప్ గుంపులో పెట్టింది. ఒక్కచోట పూర్తిగా ఉంచితే చాలు, మిగతావాళ్ళు తగ్గించుకోవచ్చు. అందరూ దణ్ణం బొమ్మలు పెట్టారు. మర్నాటికి తెర మీద సగానికి సగం జాగా ఖాళీగా కనిపించింది. భవానికి ఇల్లు తుడిచి ముగ్గేసినంత తృప్తి కలిగింది.

శ్రావణమాసంలో, ముసురు పట్టిన ఒక మధ్యాహ్నం దాలమ్మ వచ్చింది.

దాలమ్మ, తాతమ్మ తోటికోడళ్ళు. ఇద్దరి పెరళ్ళకీ మధ్య నడుమెత్తు గోడ. చాలా ఏళ్ళ కిందట ఎవరో పెద్దమనుషులు నూలు చూడడానికి వచ్చి, ఇంత సన్నం ఎక్కడ నేర్చుకున్నారని అడిగితే, మా అత్త నేర్పిందని తాతమ్మ చెప్పింది. ఆ వేలి ఒడుపు దాలమ్మ పుట్టింటిది. ఆ రోజు నుంచీ దాలమ్మ ఆవిడతో మాట్లాడలేదు. చెప్పక తప్పని సంగతులుంటే ఇద్దరూ గోడకి అటూ ఇటూ నిలబడి కోళ్ళతో చెప్పేవారు. "ఒసే నల్లకోడీ, నీళ్ళ కుళాయి వచ్చిందని సెప్పవే." వీధికి అదొక వేడుక. మాఘమాసంలో తాతమ్మ పోయింది. కోళ్ళతో మాట్లాడడం ఆగిపోయింది.

దాలమ్మ తడిసిన కొంగు పిండుకుని, కుర్చీ ఇవ్వబోతే వద్దని గుమ్మంలోనే కూర్చుంది. కాసేపు వాన చూసింది.

"పోయినేడు చవితి వెళ్ళాక మా తాతమ్మప్ప చిలపలిచ్చింది కదా. అప్పుడు నా మాటేదో అన్నాదంట. అరుగు మీద గింజలు తీసే లచ్చణమ్మ సెప్తే ఏలాకోలమనుకున్నాను. మొన్న మళ్ళీ ఒట్టేసి సెప్పింది." గొంతు సవరించుకుంది. "నువ్వక్కడే ఉన్నావు గదేటి. ఏటన్నాది?"

భవాని గుర్తు తెచ్చుకోవాలని చూసింది. చవితి తర్వాతి రోజు. అరుగు మీద వరస. తాతమ్మ ముక్కుపుడక. తెర మీద ఆకుపచ్చ గీత ఎంతవరకు వచ్చిందో కూడా గుర్తుంది. మాట మాత్రం లేదు. నూతిలోకి వంగి చూసినట్టుంది, లోపల తన మొహం తప్ప ఏమీ కనపడలేదు.

"గుర్తులేదు పిన్నీ. ఇనిపిస్తాన్లే" అంది.

"నవ్వించడానికి ఏదోటి సెప్పకు. అప్ప గొంతుతోటే ఇనాల. లేపోతే నమ్మను."

మర్నాడు రమ్మని దాలమ్మని పంపి కంప్యూటరులో వెతికింది. తేదీ ఉంది. పేరు ఉంది. అక్షరాలూ అంకెలూ కలగలిసిన ఒక పొడుగాటి ముద్ర ఉంది. మాట లేదు. తను కత్తిరించిన వాటిలో పోయింది. ఫర్వాలేదు, రాజాంలో కొత్త డిస్కు వేశారు కదా, పూర్తి గొలుసు వాళ్ళ దగ్గరే ఉంటుంది అనుకుని అనితకి ఫోను చేసింది.

"అదేటక్కా, సంఘం మీ కాడ ఉంటే నానెందుకు దాస్తాను?" అంది అనిత. "మీరుంచుకున్నారనే నాను తగ్గించీసినాను."

మిగతా మూడు ఊళ్ళకీ చేసింది. ఒకరు రాజాం అన్నారు. ఇద్దరు పొందూరు అన్నారు. ప్రతివాళ్ళూ ఆ ఒక్కచోటూ ఇంకొకరిదే అనుకున్నారు. ఆ ఒక్కరెవరో పేరు పెట్టి రాయనిది తనే.

గోవింద్‌కి ఫోను చేసి చెప్పింది. "ముద్ర ఉన్నా లాభం లేదక్కా. ఎవరేనా మాట తెచ్చి సూపిస్తే అది ఇదేనా కాదా అని ముద్ర సెప్తాది. అంతే. ముద్రలోంచి మాట పుట్టదు" అన్నాడు. తర్వాత, "ఆరోదో?" అన్నాడు.

ఆరోది గంగులుది. వెనకటి అక్టోబరులో తిత్లీ తుఫాను వచ్చిన నాటి నుంచీ దాని జాడ లేదు. తుఫానులో పోయిందనే అందరూ అనుకున్నారు. గంగులు దవడలు పంపుతూనే ఉన్నాడు గానీ కంప్యూటరు ఊసెత్తలేదు.

భవాని అతనికి ఫోను కలిపింది. అవతల గాలి హోరు.

"ఉన్నాదమ్మా, అటక మీదున్నాది" అన్నాడు గంగులు, నేరం ఒప్పుకున్నట్టు. "ఏరు పొంగినప్పుడే పైకెత్తీసినాను, సుక్క నీరు తగల్లేదు. తరవాత కరెంటొచ్చినప్పుడు ఒక్కసారి టప్పుమన్నాది, అంతే. మీరు తిడతారని సెప్పలేదు. వల సుట్టి దాసినాను."

తుఫానప్పుడు ఆగిపోయిందంటే, అంతకు ముందటి చవితి మాటలు అందులో ఉండి తీరాలి. కత్తిరింపు సెట్టింగు దాన్ని చేరి ఉండదు. భవాని ఆ సంగతి చెబితే గోవింద్ గొంతు మారిపోయింది. "దానికి నెట్టు తగలకూడదక్కా. గంగులు ఫోన్లోంచి నెట్టు అందుకోడం దానికలవాటు. లేచి, నెట్టు తగిలిందంటే, ముందు కొత్త సెట్టింగు దించుకుంటాది. పాతదంతా మన కళ్ళ ముందే తుడిచీసుకుంటాది."

మళ్ళీ గంగులుకి చేసి, "రేపొస్తాను. అంతదాకా ముట్టుకోకు" అని గట్టిగా చెప్పింది. అతను వినయంగా సరేనన్నాడు. ఆ వినయమే ఆమెకి నచ్చలేదు. పొద్దున్న బయలుదేరుతూ ఇంకోసారి చేస్తే ఫోను వేరే కాల్‌లో ఉందని వచ్చింది.

శ్రీకాకుళంలో బస్సు మారి కళింగపట్నం తోవ పట్టేసరికి ఎండ కాసింది. కిటికీ పక్కన కూర్చుని భవాని ఫోను కలుపుతూనే ఉంది. వేరే కాల్. వేరే కాల్. బస్సులో ఎవరో ముసలామె పక్క మనిషికి తన మోకాళ్ళ నొప్పి మొదటినుంచీ చెబుతోంది. ఇదివరకైతే భవాని చెవులు వాటంతటవే మూసుకునేవి. ఇవాళ మూసుకోలేదు. ఆ నొప్పి ఏ ఏడాది వరికోతల్లో మొదలైందో, ఏ ఆకు కట్టారో అంతా వింది. ముసలామె దిగిపోయాక ఆ మాటలు తన దగ్గరే ఉండిపోయాయి. ఇవి ఎక్కడ పెట్టాలో తెలియనట్టు చేతులు ఒళ్ళో పెట్టుకుని కూర్చుంది.

గంగులు ఇంటి ముందు వలలు ఆరవేసి ఉన్నాయి. లోపల, బల్ల మీద, కంప్యూటరు తళతళలాడుతోంది. ఎవరో పసుపు రాసి బొట్టు కూడా పెట్టారు. ఫ్యాను గిర్రున తిరుగుతోంది. తెర వెలుగుతోంది.

"రా రా భవానమ్మా" అన్నాడు గంగులు మొహమంతా వెలిగిపోతూ. "మీరు తెల్లారి లేచి ఇంత దూరమొస్తంటే పాడైన సరుకు సేతిలో పెట్టనేటి? మా కుర్రోడు ధర్మేంద్ర కరెంటు పని సేస్తాడు కదా, లోపలి కరెంటు పెట్టె మార్పించీసినాను. ఇప్పుడే లేచింది."

"ముట్టుకోవద్దన్నాను కదయ్యా."

"ముట్టుకోపోతే ఎలగ బాగవుతాది?"

భవాని తెర మూల నెట్టు గుర్తు కోసం చూసింది. అక్కడ గీత కొట్టి ఉంది.

"నెట్టో?" అంది.

"అదే లేటు. ఫోను మా ఆడదాని కాడున్నాది. పలాసలో దాని సెల్లెలికి జీడితోట పడిపోనాది తుఫానుకి. అప్పట్నించి ఇద్దరూ రోజూ ఒక్కొక్క సెట్టూ తలుసుకుని ఏడుస్తారు. అది మాటాడినంతసేపూ నెట్టు రాదు. పొద్దుట్నించి అడుగుతన్నాను, ఇవ్వదే." పెరట్లోకి తిరిగి, "ఒలే నీలవేణీ, సాల్లే, ఇంక ఒగ్గేయ్. పొందూరమ్మ వచ్చీసింది, నెట్టు పెట్టాల" అని కేకేశాడు.

నీలవేణి ఫోను చెవికి పెట్టుకునే గుమ్మంలోకి వచ్చింది. "ఉండవే, ఎవరో వచ్చినారు, పెట్టేస్తాను" అంటోంది చెల్లెలితో.

భవాని రెండంగల్లో ఆమె దగ్గరికి వెళ్ళి చెయ్యి పట్టుకుంది. "పెట్టకమ్మా. మాటాడు. తొందరేటీ లేదు."

నీలవేణి వింతగా చూసింది. గంగులు నోరు తెరిచాడు.

"నెమ్మదిగా మాటాడు. ఆ సెట్లన్నీ సెప్పు. కూకుని మాటాడు" అంది భవాని, ఆమెను పెరట్లో అరుగు మీద కూర్చోబెట్టి. తన నోటి వెంట ఆ మాటలు వినడం ఆమెకే కొత్తగా ఉంది. అద్దం మీద వేలితో కొట్టకుండా ఒక మనిషిని మాట్లాడనివ్వడం.

"ఎవరోనే, మాటాడమంతంది" అంటోంది నీలవేణి ఫోనులో. "ఆఁ, మంచావిడ లాగున్నాది. మరేటి, ఆ నూతి పక్క సెట్టు..."

భవాని లోపలికి వచ్చి కంప్యూటరుని పద్ధతి ప్రకారం ఆపింది. ధర్మేంద్ర మరలు విప్పి డిస్కు చేతికిచ్చాడు. అరచేతిలో పట్టేంత ఉంది. గంగులుకి అప్పటికి గానీ సంగతి బోధపడలేదు. పడ్డాక తలపాగా విప్పి మొహం తుడుచుకుని, "నాను మంచి సేద్దామనే" అన్నాడు.

"నానూ అంతే గంగులన్నా" అంది భవాని.

ఏకులు పాడవకుండా ఎండిన అరటిడొప్పలో దాచడం పొందూరు పద్ధతి. భవాని సంచిలో అలాంటి డొప్ప ఒకటి తెచ్చుకుంది. డిస్కుకి మెత్తటి బట్ట చుట్టి అందులో పెట్టింది. వెళ్ళేటప్పుడు గంగులు కొత్త దవడలు కొన్ని తాటాకులో చుట్టి ఇచ్చాడు. నీలవేణి ఇంకా మాట్లాడుతూనే ఉంది. భవాని చెయ్యి ఊపితే తనూ ఊపింది.

మర్నాడు ఉదయం సంఘంలో ఆ డిస్కుకి ఇంకో రెండు నకళ్ళు తీశారు. అనిత రాజాం నుంచి వచ్చింది. భవాని జరిగినది జరిగినట్టు అరుగు మీద అందరికీ చెప్పింది. నవ్వేవాళ్ళు నవ్వారు. లక్ష్మణమ్మ మాత్రం పత్తి గింజలు వేరు చేస్తూ తల ఎత్తకుండా అంది:

"గింజలెలగ దాస్తాం? మూడిళ్ళలో దాస్తాం. ఒకిల్లు తడిస్తే ఇంకోటుంటాది. ఏ ఇంట్లో ఉన్నాదో ఆ ఇల్లాలు పదిమందిలో నిలబడి నోటితో సెప్తాది, ఈ యేడు గింజ నా కాడుందని. సెప్పనోళ్ళింట లేనట్టే. మీరెవురూ ఎందుకు సెప్పలేదు?"

ఆ పూటే నిర్ణయమైంది. ఇకనుంచి గొంతులు గొలుసులోకి వెళ్ళవు. గోవింద్ మొదట చెప్పినట్టు ముద్రలే వెళతాయి. గొంతులు మూడు చోట్ల ఉంటాయి. అనిత లేచి, "నా కాడున్నాది" అంది. పక్క ఊరి కంప్యూటరు చూసే ఆవిడ కూడా అదే అంది. భవాని కూడా లేచి నిలబడింది. ఇన్నేళ్ళ జీవితంలో తన దగ్గర ఒకటి దాచి ఉందని ఆమె పదిమందిలో చెప్పడం అదే మొదలు. "నా కాడున్నాది" అంది.

దాలమ్మ ఆ గుంపులో లేదు. అందరూ వెళ్ళాక, దీపాలు పెట్టే వేళకి వచ్చింది. ఈసారి కుర్చీలో కూర్చుంది. భవాని ముందు ముద్రలు సరిచూసింది. డిస్కులోని మాటలోంచి తీసిన ముద్రా, ఏడాదిగా గొలుసులో ఉన్న ముద్రా తెర మీద ఒకదాని కింద ఒకటి వచ్చాయి. మొదటి అక్షరం నుంచి చివరి అంకె దాకా ఒక్కటే.

"ఎవరూ మార్సలేదు పిన్నీ. ఉన్నదున్నట్టే ఉన్నాది" అని, మీట నొక్కింది.

తాతమ్మ గొంతు గదిలోకి వచ్చింది.

"ఎర్ర దీపం ఎలిగిందేటి? ఎలిగిందా. సరే. ఇవి చవితి ముందు తీసిన చిలపలు. దువ్విన దవడ గంగులుది, పళ్ళు రెండిరిగిపోనాయి, కొత్తది పంపమనండి. ఉండ్రాళ్ళు ఈ యేడు నిలబడ్లేదు. మా కోడలు పిండి ఆడించింది, ముతక. నానెళ్తే అలగవ్వదు. నీ మొగుడు దగ్గు తగ్గిందా భవానీ?"

దాని వెనకే భవాని గొంతు వచ్చింది, పలచగా, విసుగ్గా. "తగ్గింది పెద్దమ్మా, బేగి సెప్పు, జాగా నిండిపోతంది."

కుర్చీ వెనక నిలబడ్డ భవాని తల దించుకుంది.

"ఉండవే, తొందరేటి. జాగా నీ బాబుదా? అసలు మాట ఇప్పుడొస్తంది. ఈ చిలపల్లో పై రెండూ నాయి కావు. నా సేతులు వణుకుతన్నాయి, సన్నం రావటం లేదు. దాలి తీసి గోడ మీదెట్టి ఎలిపోతంది. అదేటీ అనదు. నానూ ఏటీ అనను, తీసుకుంతన్నాను. బట్ట పుట్టుకలో అబద్దముండకూడదన్నారు కదా, అందుకు సెప్తన్నాను. సన్నం దానిదే. మొదట్నించీ దానిదే. కొత్తకోడలుగా వచ్చి నాకు ఏలు సూపించింది అదే. నూలు సన్నం, నోరే ముతక. అయిపోనాది. దీపం ఆర్పు."

వాన మళ్ళీ మొదలైంది. దాలమ్మ కొంగుతో కళ్ళు తుడుచుకుంటుందేమోనని భవాని చూసింది. తుడుచుకోలేదు. చూపుడు వేలూ బొటన వేలూ ఒకదానికొకటి రాసుకుంటూ ఉంది, లేని పోగుని సాగదీస్తున్నట్టు.

"ఆ ముతక కాడ్నించి మళ్ళీ పెట్టు" అంది.

భవాని పెట్టింది. "నోరే ముతక" అన్నచోట దాలమ్మ పెదవి ఒక పక్కకి వంగింది. ఇంకోసారి పెట్టమంది. మూడోసారి విన్నాక లేచినట్టే లేచి, మళ్ళీ కూర్చుంది.

"నా మాట కూడా పట్టు. దీపం ఎలిగించు."

"నూలు తెచ్చినావా పిన్నీ?"

"నూలుకి కాదు. జవాబుకి."

భవాని ఎర్ర దీపం వెలిగించింది. తెర మీద ఆకుపచ్చ గీత మొదలైంది. అలవాటు కొద్దీ కళ్ళు దాని వెంట వెళ్ళబోయాయి. ఆమె చెయ్యి చాచి తెరని గోడవైపు తిప్పేసి, స్టూలు లాక్కుని దాలమ్మ ఎదురుగా కూర్చుంది.

"సెప్పు పిన్నీ. నెమ్మదిగా సెప్పు."

దాలమ్మ గొంతు సవరించుకుని, గోడ అవతల మనిషికి వినపడేంత గట్టిగా మొదలుపెట్టింది.

"అప్పా, పై రెండు కాదు. మూడు."